భోజనం చేశాను, మాత్ర వేసుకున్నాను

మాస్టారు పోయిన మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆయన భార్య ఫోనుకి ఆయన దగ్గర్నుంచి మెయిలు వచ్చింది.

“భోజనం చేశాను. మాత్ర వేసుకున్నాను. కంగారు పడవద్దు.”

కింద ఆయన పేరు. అప్పటికి శ్మశానం నుంచి వచ్చి స్నానాలు చేసినవాళ్ళ తలలు కూడా ఆరలేదట. ఆ సమయానికి ఫోను చేతిలో ఉన్న చుట్టాలాయన అది చదివి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా, ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాడట. ఆ మర్నాడు అదే వేళకి బియ్యం డబ్బాలోంచి మళ్ళీ టింగుమంది.

ఆ సాయంత్రమే ఆవిడ నాకు ఫోన్ చేశారు. నాది మాస్టారి పక్క సీటు. ఇంటికెళ్ళి నా గురించి ఏం చెప్పేవారో ఏమో, నన్ను ఎప్పట్నుంచో ఎరిగినట్టే మాట్లాడారు.

“రూతమ్మా, ఆయన రోజూ మధ్యాహ్నం బీపీ మాత్ర వేసుకున్నానని నాకు రాసేవారు. ఆ మాట నిజమేనా? నిజంగా వేసుకునేవారా?”

“అదీ... నేను చూసి చెప్తానండీ.”

“ఫోన్లో చెప్పొద్దు. పెద్దకర్మ అయ్యాక నేనే వస్తాను. నా మొహం చూసి చెప్పు. అప్పటిదాకా ఆయన మిషను జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వకు.”

సరేనండీ అన్నాను. ఫోను పెట్టేశాక ఒళ్ళు మండింది. పోయినాయన హాయిగా పోయాడు. ఆయన చెప్పాల్సిన సమాధానం నా నెత్తిన పడింది. వేసుకునేవారని తేలితే సరే. వేసుకోలేదని తేలితే, మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషికి, ‘అమ్మా, మీ ఆయన ఇన్నాళ్ళూ మీకు అబద్ధాలు రాశాడు, అందుకే పోయాడు’ అని ఏ నోటితో చెప్పను? పైగా కబురు చెప్పే విషయంలో మాస్టారికీ నాకూ పడేదే కాదు. ఉన్నన్నాళ్ళూ దానిమీదే పోట్లాడుకున్నాం.

మాది గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో మిర్చి కోల్డ్ స్టోరేజీ. కోతలయ్యాక రైతులు మిర్చిని టిక్కీలకెత్తి తెస్తారు. మా దగ్గర మిర్చి బస్తాని టిక్కీ అనే అంటారు. వాటిని మా చల్లటి చాంబర్లలో పెట్టుకుని, ధర వచ్చినప్పుడు తీసుకెళ్ళి అమ్ముకుంటారు. చాంబర్లో చలి తగ్గితే మిర్చి రంగు పోతుంది. రంగు పోతే రైతు కొంప మునిగినట్టే. అందుకని చలి తగ్గిన మరుక్షణం ఓనరు గారికీ భాగస్తులకీ తెలియాలి. ఆ కబురు మెయిలుగా పంపే పని ఒక సర్వరుది. సర్వరుకి ఆ కబురు నేర్పే పని మాస్టారిది.

ఆయన ఎవరికీ పాఠం చెప్పిన మాస్టారు కాదు. టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఓనరు గారు ఆయన్ని పనిలోకి తీసుకున్నప్పుడు, ‘కంప్యూటరు వచ్చా?’ అని ఎవరో అడిగితే, ‘అది ఎవరైనా నేర్చుకుంటారు, ఆయనకి కబుర్లు పంపడం తెలుసు’ అన్నారట. నిజానికి మాస్టారు కంప్యూటరు కూడా బాగానే నేర్చుకున్నారు. నల్ల తెర, దానిమీద తెల్ల అక్షరాలు. బొమ్మలూ బటన్లూ ఉన్న తెర ఆయనకి నచ్చేది కాదు. ‘కబురు పంపే చోట బొమ్మలెందుకు, సినిమా హాలా?’ అనేవారు. ముందు బల్లమీద వేళ్ళతో టకటకమని పాత అలవాటుగా కొట్టుకునేవారు. తర్వాత గట్టిగా చదువుకుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవారు. ఎంటర్ మాత్రం కూర్చుని నొక్కేవారు కాదు. లేచి నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, నొక్కి, పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసి ‘వెళ్ళింది’ అనేవారు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. వెంటనే ఫోను తీసేవారు.

“అయ్యా నమస్కారం. మెయిలు అందిందా అండీ?”

“ఫోనే చేసేటట్టయితే మెయిలెందుకు మాస్టారూ?” అనేదాన్ని.

“అందిందో లేదో తెలియొద్దుటమ్మా?”

“ఆ ఫోన్లోనే సంగతి చెప్పెయ్యొచ్చుగా?”

“సంగతి చెప్పడం మిషను పని. దాని పనిలో నేను వేలు పెట్టను.”

ఒకసారి ఆయన మెయిళ్ళన్నీ చిలకలూరిపేట భాగస్తుడి కంప్యూటర్లో స్పామ్‌లో పడ్డాయి. చెత్త మెయిళ్ళ మధ్య తన మెయిళ్ళు పడున్నాయని తెలిసి ఆయనకి ఆ పూట అన్నం సహించలేదు. బస్సెక్కి చిలకలూరిపేట వెళ్ళి, ఆ భాగస్తుడి జిన్నింగు మిల్లులో ఆయన కుర్చీలో తనే కూర్చుని, ఒక్కొక్క మెయిలునీ బయటికి తీసి వచ్చారు. ‘పంక్తిలోంచి లేపేసినవాళ్ళని మళ్ళీ విస్తరి ముందు కూర్చోబెట్టి వచ్చాను’ అని చెప్పారు. ఆ రోజంతా మహా సంతోషంగా ఉన్నారు.

ఏ వేళకి ఏం చెయ్యాలో సర్వరుకి రాసిపెట్టే పట్టీ ఒకటుంటుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని క్రాన్ అంటారు, మాస్టారు నిత్యకర్మ అనేవారు. అందులో నన్ను చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. సర్వరు లోపల మిర్చి దుమ్ము ఎర్రగా పేరుకుంటే మాత్రం నన్ను పిలిచేవారు. ఆయన బ్రష్షుతో దులుపుతుంటే నేను టార్చి పట్టుకోవాలి. ఇద్దరం తుమ్ముతూ ఉండేవాళ్ళం. ‘శతాయుష్షు’ అని ఆయనకాయనే అనుకునేవారు, ప్రతి తుమ్ముకీ.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వైపు చావుకబురుని చావుకబురుగా ఎవరూ చెప్పరు. ‘కాస్త నలతగా ఉంది’ అంటారు. ‘సీరియస్‌గా ఉంది, బయలుదేరి రండి’ అంటారు. విన్నవాళ్ళకీ తెలుసు, చెప్పినవాళ్ళకీ తెలుసు. అయినా అట్లాగే చెప్పాలి, అట్లాగే వినాలి. మాస్టారు ఈ మర్యాదని సర్వరుకి నేర్పారు. చలి కొంచెం తగ్గితే ఒక మెయిలు, ఇంకా తగ్గితే ఇంకొకటి, బాగా తగ్గితే చివరిది. మూడూ ఆయన స్వయంగా రాసినవే. ‘సెన్సరు చెప్పిన అంకె పంపిస్తే చాలదా మాస్టారూ, చల్లకొచ్చి ముంత దాచడమెందుకు?’ అంటే, ‘వార్తకి కాళ్ళుండవమ్మా, మోసేవాడి కాళ్ళే దాని కాళ్ళు. మోసేవాడు మెల్లగా నడవాలి’ అనేవారు.

ఆ మెల్లని నడక ఏం చేసిందో చెప్తాను వినండి. మే నెల, మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయింది, జనరేటరు అందుకోవడం కాస్త ఆలస్యమైంది. మూడో చాంబర్లో చలి తగ్గింది, కొంచెమే. సర్వరు నేర్చుకున్న ప్రకారం మొదటి మెయిలు పంపింది. ‘మూడో చాంబరుకి కాస్త నలతగా ఉన్నది. కంగారు పడవద్దు. వీలు చూసుకుని ఒకసారి రండి.’

తెలుగువాడికి ఇంతకంటే భయంకరమైన కబురు లేదు. ఓనరు గారు గుంటూరు యార్డులో చెప్పులు వదిలేసి కారెక్కారు. చిలకలూరిపేట భాగస్తుడు ఇంటిల్లిపాదినీ వేసుకుని వచ్చాడు. వాళ్ళ అత్తగారు కారు దిగుతూనే ‘ఓరి నాయనో, ఎంత పని జరిగిపోయిందిరా దేవుడా’ అని శోకం ఎత్తుకుంది. ఎత్తుకున్నాక నన్ను పక్కకి పిలిచింది.

“ఇంతకీ పోయిందెవరు అమ్మాయ్?”

“ఎవరూ పోలేదండీ. మూడో చాంబర్లో కాస్త చలి తగ్గింది, అంతే.”

ఆవిడ నా భుజం తట్టింది. “నాకు తెలుసులే తల్లీ. ముందే చెప్పొద్దని నీకు చెప్పుంటారు.” మళ్ళీ ఎత్తుకుంది.

గేటు దగ్గర కార్లు, లోపల ఏడుపులు. రోడ్డు మీద పోయే రైతులు ఆగరూ? ఆ నోటా ఈ నోటా చుట్టుపక్కల ఊళ్ళకి పాకింది. ట్రాక్టర్లు వచ్చేశాయి. మా టిక్కీలు మాకిచ్చెయ్యండి, మా మిర్చి మాకిచ్చెయ్యండి అని ఒకటే కేకలు. హమాలీలు చాంబరు తలుపులు బార్లా తీశారు. రోహిణి ఎండ లోపలికి దూరింది. చలి నిజంగానే పడిపోవడం మొదలైంది. సర్వరు ఊరుకుంటుందా? రెండో మెయిలు. ‘పరిస్థితి సీరియస్‌గా ఉన్నది. వెంటనే బయలుదేరి రండి.’ ఇంకా కార్లు, ఇంకా ట్రాక్టర్లు, ఇంకా తలుపులు. మూడో మెయిలు. ‘ఇక మన చేతుల్లో ఏమీ లేదు. ఆఖరి చూపుకి రండి.’

ఒక రైతు మాస్టారి చొక్కా పట్టుకోబోయి, పెద్దవాడని ఆగాడు.

“ఏంవయ్యా మాస్టారూ, నా మిర్చి ఉందా పోయిందా? ఒక్క ముక్కలో చెప్పు!”

“ముందు కూర్చో నాయనా. కాసిని మంచినీళ్ళు తాగు.”

“అయిపోయిందిరోయ్! మంచినీళ్ళు తాగమంటున్నాడు! పదండ్రా, పదండి!”

నాకు ఇక కడుపు మండిపోయింది. కాటా మీదకెక్కి అరిచాను. “తలుపు మూస్తే మిర్చి ఉంటుంది, తీస్తే పోద్ది! ఏది కావాలో మీరే చెప్పండి!” ఒక్క క్షణం అందరూ నావైపు చూశారు. ఆడపిల్ల అంత మొరటుగా మాట్లాడిందంటే అది నిజమే అయ్యుంటుందని అనుకున్నారో ఏమో, తలుపులు మూశారు. సాయంత్రానికి చలి నిలబడింది. అందరికీ మజ్జిగ పోశాం. శోకం పెట్టిన అత్తగారు రెండు గ్లాసులు తాగి, ‘పోనీలే, గండం గడిచింది’ అని కారెక్కింది.

ఓనరు గారు మాస్టార్ని పిలిచి, ఇకమీదట ఉన్నదున్నట్టు రాయమని గట్టిగా చెప్పారు. మాస్టారు రాశారు. ‘మూడో చాంబరులో చలి తగ్గినది.’ రాసిన రోజు నుంచి మనిషి కుంగిపోయారు. తన మెయిలు ఎవరి గుండె మీద పడుతుందోనని ఆయన బెంగ. అందుకని మెయిలు వెళ్ళే లోపలే ఫోన్ చెయ్యడం మొదలెట్టారు. ‘అయ్యా, ఇప్పుడొక మెయిలు వస్తుంది. కూర్చుని చదవండి. పక్కన ఎవరైనా ఉన్నారా?’ ఈ ఫోన్లకి భాగస్తుల్లో ఒకాయన నిజంగానే ఆసుపత్రికి వెళ్ళి ఈసీజీ తీయించుకున్నాడు.

ఆఖరికి ఆయనే ఒక దారి కనిపెట్టారు. చెడు అసలు చెప్పకుండా మంచి మాత్రమే చెప్పే మెయిలు. ‘ఒకటో చాంబరు క్షేమం. రెండో చాంబరు క్షేమం. నాలుగో చాంబరు క్షేమం.’ మూడో చాంబరు ఊసే ఉండదు. ఊసు లేనిదాని గురించి చదివినవాళ్ళు గ్రహించుకోవాలి. చుట్టాలింటికెళ్ళి, పెద్దబ్బాయి బాగున్నాడు, చిన్నబ్బాయి బాగున్నాడు అని చెప్పి ముసలమ్మ మాట ఎత్తకపోతే వాళ్ళకి అర్థం కాదూ? అదీ లెక్క. విచిత్రమేమిటంటే ఈ పద్ధతి చక్కగా పనిచేసింది. మెయిలు తెరవగానే అందరూ లేనిదేదో వెతుక్కునేవారు. ఓనరు గారు కూడా దానికే అలవాటు పడిపోయారు.

నేనే అలవాటు పడలేదు. ఒకరోజు దీనిమీద గట్టిగానే తగులుకున్నాం. అప్పుడు ఆయన టెలిగ్రాఫ్ ఆఫీసు సంగతి చెప్పారు. చావు తంతి వస్తే ఆయన ‘పోయారు’ అన్న మాట మార్చి ‘సీరియస్’ అని రాసి పంపేవారట. ఒక్కసారి కాదు, చేతికి వచ్చిన ప్రతిసారీ. అలా మార్చడం నేరం. ఉద్యోగం పోతుంది.

“బస్సెక్కుతారు గదమ్మా. ఆ బస్సులో ఉన్నంతసేపూ ఆ తండ్రి బతికే ఉంటాడు. ఆ కాసేపూ నేనిచ్చిందే.”

“బస్సు దిగాక మిమ్మల్ని తిట్టుకునుంటారు.”

“తిట్టుకోనీ. బస్సులో ఏడవలేదుగా.”

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆయన మీద జాలితో కాదు, కోపంతో. మా నాన్న పోయినప్పుడు నాకు వచ్చిన కబురు ‘నాన్నకి కాస్త నలతగా ఉంది’. నేను ఆ మాట నమ్మాను. దారిలో బస్సు దిగి బత్తాయిలు కొన్నాను, మంచివి ఏరి మరీ కొన్నాను. బత్తాయిల సంచి పట్టుకుని శవం ముందు నిలబడ్డాను. పాస్టరు గారు నా చేతిలోంచి ఆ సంచి తీసుకునేదాకా దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు. ఇదంతా మాస్టారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, ‘బత్తాయిలు కొనేటప్పుడు ఎట్లా ఉన్నావు?’ అని అడిగారు. నేను లేచి వెళ్ళిపోయాను. ఆ ప్రశ్నకి నాకిప్పటికీ కోపమే.

ఆయనకి బీపీ అని ఆఫీసులో అందరికీ తెలుసు. మాత్రలంటే మంట అని కూడా తెలుసు. ‘మాత్ర మింగితే జబ్బుకి రసీదిచ్చినట్టే’ అనేవారు. మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని సర్వరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఒక్కరే తినేవారు. లోపల ఏం తిన్నారో ఏం మింగారో నేనెప్పుడూ చూడలేదు. మొన్న ఎండాకాలం ఒక పొద్దున కాటా దగ్గర నిలబడి లారీ డ్రైవరుతో మాట్లాడుతూ కళ్ళు తిరిగి పడిపోయారు. గుంటూరు ఆసుపత్రికి చేర్చిన కాసేపటికే ప్రాణం పోయింది. ఆవిడకి ఎట్లా చెప్పాలా అని అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఓనరు గారే ఫోన్ చేసి, ‘అమ్మా, కంగారు పడకండి’ అన్నారు. తర్వాత ఇంకేమీ చెప్పే అవసరం రాలేదు. ఆ రెండు మాటలకే ఆవిడ నేలమీద కూలబడ్డారట.

ఆవిడ నాకు ఫోన్ చేసిన మర్నాడు నేను మొదటిసారి మాస్టారి పట్టీ తెరిచాను. చాంబర్ల మెయిళ్ళ కింద, అన్నిటికంటే చివర, ఒకే ఒక్క వరస. రోజూ ఒంటిగంటన్నరకి ఆవిడకి మెయిలు. భోజనం చేశాను, మాత్ర వేసుకున్నాను, కంగారు పడవద్దు. వారం లేదు, వర్జ్యం లేదు, ప్రతిరోజూ. రాసేది మిషనే అని తేలిపోయింది. కానీ మిషను రాసినంత మాత్రాన ఆయన వేసుకోలేదని కాదుగా? సర్వరు గదిలో ఆయన సొరుగు లాగాను. అడుగున, నిమ్మకాయ పచ్చడి సీసా వెనకాల, మాత్రల అట్టలు. సొరుగు నిండా అట్టలే. ఎర్రటి దుమ్ము పట్టి, కొన్ని అంటుకుపోయి, ఒక్కటి కూడా విప్పకుండా.

నేను ఆ సొరుగు ముందు కూర్చుని ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి, ఏడ్చి, ఆ అట్టలన్నీ నా హ్యాండుబ్యాగులో కుక్కాను. పారేద్దామనే. రోజూ కాలవ దాటేటప్పుడు విసిరేద్దామనుకోవడం, బస్సులో జనం ఉండటం, రేపు చూద్దాంలే అనుకోవడం. ఇంతలో ఆవిడ వచ్చేరోజు వచ్చేసింది.

తమ్ముడి కారులో వచ్చారు. అతన్ని బయటే ఉండమని ఒక్కరే లోపలికి వచ్చి, మాస్టారి కుర్చీలో కాకుండా పక్కన స్టూలు మీద కూర్చున్నారు. బాగా చిక్కిపోయారు. మిర్చి ఘాటుకి ఒక తుమ్ము తుమ్మి, ముక్కు తుడుచుకుని, నా మొహంలోకి చూశారు.

“చెప్పు రూతమ్మా. వేసుకునేవారా?”

ఉన్నదున్నట్టు చెప్పాలనే నేనూ అనుకున్నాను. నా జీవితమంతా అదేగా నా పంతం. కానీ ఆ మొహం చూశాక నాలుక తిరగలేదు. పోయినాయన అబద్ధాలకోరని ఈవిడకి ఇప్పుడు తెలిసి ఏం ఒరుగుతుంది? మంచి మాటతో పంపించేస్తే ఆ బస్సేదో ఆవిడా ఎక్కుతుంది కదా అనిపించింది.

“వేసుకునేవారండీ,” అన్నాను.

“రోజూనా?”

“రోజూనండీ. నా కళ్ళముందే. ఎప్పుడన్నా మర్చిపోతే నేనే గుర్తుచేసేదాన్ని.”

ఆవిడ మొహం పాలిపోయింది. నేనేదో ఓదార్పు అనుకున్నది ఆవిడకి పిడుగైంది. సరిగ్గా అప్పుడే ఆవిడ చేతిసంచిలో ఫోను టింగుమంది. ఒంటిగంటన్నర. ఆవిడ దాన్ని తీసి చూసి, బల్లమీద పెట్టేశారు.

“అయితే నేనే చంపుకున్నానమ్మా.”

“అదేం మాటండీ?”

“ఈ మెయిలు ఆదివారం కూడా వచ్చేదమ్మా. ఆయన వంటింటి గుమ్మంలో కూర్చుని, గారెలయ్యాయా గారెలయ్యాయా అని అడుగుతుండేవారు. నా ఫోనుకి భోజనం చేశాను, మాత్ర వేసుకున్నాను అని వచ్చేది. ఇది మిషను రాస్తోందని మొదటి ఆదివారమే తెలిసిపోయింది. ఆయనకి చెప్పలేదు, చిన్నబుచ్చుకుంటారని. ఎటూ మింగడంలేదు గదాని రోజూ పొద్దున్నే రాగిజావలో మాత్ర నూరి కలిపి ఇచ్చేదాన్ని. ఇన్నాళ్ళూ ఇచ్చాను. ఇక్కడ మధ్యాహ్నం మళ్ళీ వేసుకునేవారా! తెచ్చేటప్పటికే బీపీ పడిపోయిందన్నారు డాక్టరు. రెండు రెండు మాత్రలు పడితే పడిపోదూ? కళ్ళు తిరిగి పడిపోడూ మనిషి?”

దేవుడా! ఆవిడ వచ్చింది ఆయన అబద్ధమాడాడేమోనని భయపడి కాదు. నిజం రాశాడేమోనని భయపడి వచ్చింది. నేను ఆ భయానికే సాక్షి సంతకం పెట్టాను.

“అమ్మగారూ, నేను అబద్ధం చెప్పాను. ఆయన వేసుకోలేదు. ఒక్కటి కూడా వేసుకోలేదు!”

“ఊరుకో తల్లీ. నన్ను ఓదార్చాలని ఇప్పుడు మాట మారుస్తున్నావు.”

“అయ్యో, ఇదే నిజమండీ! ఇందాకటిదే అబద్ధం!”

“నీది మంచి మనసు,” అని తల ఊపారు. ఆవిడ నమ్మడంలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా! నేను హ్యాండుబ్యాగు తెచ్చి బల్లమీద బోర్లించాను. అట్టలన్నీ కుప్పగా పడ్డాయి. వాటితోపాటు నా దువ్వెన, బస్సు టికెట్లు, మిర్చి దుమ్ము.

“ఆయన సొరుగులో ఉన్నాయి. చూడండి, ఒక్కటీ విప్పలేదు.”

“ఇవి నువ్వు కొనుక్కురావచ్చుగా,” అన్నారు. అంటూనే ఒక అట్ట తీసి వెనక్కి తిప్పారు. చూశారు. ఇంకొకటి తిప్పారు. కొంగుతో దుమ్ము తుడిచి మరీ చూశారు. ప్రతి అట్ట వెనకా స్కెచ్‌పెన్నుతో ఉంది, ‘మధ్యాహ్నం, అన్నం తిన్నాక’. అది ఆవిడ చేతిరాత. క్యారేజీలో పెట్టి పంపేటప్పుడు తనే రాసేవారట, మర్చిపోతారని. జావలో కలపడం మొదలెట్టాక కూడా, ఆయనకి అనుమానం రాకుండా పంపుతూనే ఉన్నారట.

“నావే,” అన్నారు. “ఇవన్నీ నేనిచ్చినవే.”

ఒక్కొక్క అట్టనీ వేళ్ళతో తడుముతూ పోయారు. ఉబ్బెత్తుగా ఉన్న మాత్ర ప్రతిదీ ఉన్నచోటే ఉంది. ఆవిడ ఏడుస్తారేమో అనుకున్నాను. నవ్వారు. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా పెద్దగా, గేటు దాకా వినపడేట్టు నవ్వారు.

“ఒక్కటి వేసుకోలేదు చూడమ్మా! ఒక్కటంటే ఒక్కటి! ఎంత దొంగ! అబ్బబ్బ, ఎంత దొంగ మనిషమ్మా!”

తమ్ముడు కారు దిగి పరుగెత్తుకొచ్చాడు. అక్కకి మతి చలించిందని అనుకున్నాడు పాపం. ఆవిడ అతనికి ఒక అట్ట చూపించి, ‘మీ బావ అబద్ధాలకోరు రా’ అని ఎంతో మురిపెంగా చెప్పారు. అతను నావైపు చూశాడు. ఏమీ లేదండీ, అంతా మంచే అన్నాను. దాంతో అతను ఇంకా భయపడ్డాడు.

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, “అమ్మాయ్, ఆకలేస్తోంది. నీ క్యారేజీలో ఏముంది?” అని అడిగారు. దొండకాయ వేపుడు, పచ్చిపులుసు అని చెప్పాను. ఇద్దరం సర్వరు గదిలోనే కూర్చుని తిన్నాం. ఆవిడ సరిగ్గా అన్నం తినడం ఆయన పోయాక అదే మొదటిసారని తమ్ముడు తర్వాత చెప్పాడు. నాకు రెండు ముద్దలే మిగిలాయి. ఇంతగా కడుపు నిండిన పూట ఈమధ్య లేదు.

చేతులు కడుక్కున్నాక నేనే అడిగాను. “ఆ మెయిలు ఆపెయ్యమంటారా అమ్మగారూ?”

ఆవిడ ఫోను తీసి, వచ్చిన మెయిలు మళ్ళీ ఒకసారి చదువుకున్నారు.

“మాత్ర వేసుకున్నానన్న మాట తీసెయ్. అది పచ్చి అబద్ధం.”

“మరి మిగతాది?”

“భోజనం చేశానన్నది నిజమేగా. రోజూ వేళకి గోడమీద పెడుతున్నాను. కాకి వచ్చి తింటోంది. అది ఉండనీ.”

నేను నల్ల తెర ముందు కూర్చుని ఆ ఒక్క మాటా తీసేశాను. మిగతాది రోజూ వెళ్తూనే ఉంది.